మొదటి భాగం కొనే పాఠకుడు

ఈ పూట మాంత్రికుల గురించీ మాయాదుర్గాల గురించీ మాట్లాడుకుందాం. వాటితోపాటు ప్రూఫుల గురించీ పార్సిల్ ఖర్చుల గురించీ కూడా. ఫాంటసీ నవలని భాగాలు భాగాలుగా రాస్తూ, వాటిని తనే అచ్చు వేసుకునే మనిషికి ఈ రెండు లోకాలూ ఒకే రోజున ఎదురవుతాయి. పొద్దున్న కథానాయకుణ్ణి సొరంగంలోకి దింపుతాం. మధ్యాహ్నం బైండింగు షాపులో నిలబడి అట్టలు లెక్కపెట్టుకుంటాం. నేనూ ఆ పనిలోనే ఉన్నాను కనుక లోపలి సంగతులు మీకు చెప్పాలనిపించింది.

"మన తెలుగులో ఇలాంటివి చదివేదెవరండీ?" అని అడిగేవాళ్లు ఉన్నారు. అందరం ఇవి చదువుతూనే పెరిగాం కదా! మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు కాశీకి నడిచిపోతూ, వెంట వచ్చే కుర్రవాడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. ఇవాళ మనం సిరీస్ అంటున్నది సరిగ్గా అదే. ప్రయాణం ఒకటే, మజిలీలు అనేకం, ప్రతి మజిలీలోనూ కొత్త అద్భుతం. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాకి మూలం కూడా ఆ కథల్లోనే ఉంది. తోటరాముణ్ణీ నేపాళ మాంత్రికుణ్ణీ ఇన్నేళ్లుగా గుండెల్లో పెట్టుకున్న జాతికి ఫాంటసీ కొత్త అని నేను ఒప్పుకోను.

తర్వాత చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో 1954లో తోకచుక్క అనే సీరియల్ వచ్చింది. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. పన్నెండూ దాసరి సుబ్రహ్మణ్యంగారు రాసినవే. పాతికేళ్ల పాటు ఆయన తెలుగు పిల్లల్ని అడవుల్లో, గుహల్లో, పాడుబడ్డ కోటల్లో తిప్పారు. ఖడ్గవర్మ, జీవదత్తుడు, శిఖిముఖి, విక్రమకేసరి అనే పేర్లు వింటే ఇవాళ్టికీ కళ్లు మెరిసే పెద్దవాళ్లున్నారు. కానీ ఆ సీరియళ్ల మీద రచయిత పేరు అచ్చయ్యేది కాదు. లక్షలమంది చదివారు, రాసినవారెవరో చాలామందికి ఎన్నో ఏళ్లకిగానీ తెలియలేదు. ఇన్ని లోకాలు కట్టిన మనిషికి ఆ గుర్తింపు సకాలంలో దక్కవలసింది. ఆ బాకీ మన సాహిత్యం మీద ఉందని నా గట్టి నమ్మకం.

అయితే ఆయనకి ఉండి మాకు లేనిది ఒకటుంది, పత్రిక. నెల తిరిగేసరికి పాఠకుడి చేతికి సంచిక వెళ్లిపోయేది. అచ్చు, కాగితం, రవాణా, బొమ్మలు అన్నీ పత్రిక చూసుకునేది. రచయిత కథ చూసుకుంటే చాలు. పాఠకుడికి కూడా ఒక ధీమా ఉండేది, వచ్చే నెల తరువాయి భాగం వచ్చి తీరుతుందని. ఇప్పుడు అలా సీరియళ్లు వేసే పత్రికలు చాలావరకు మూతపడ్డాయి, మిగిలినవి పేజీలు తగ్గించుకున్నాయి. ప్రచురణ సంస్థ దగ్గరికి వెళ్లి "అయిదు భాగాల నవల అండీ" అంటే, ఒక్క భాగమే అమ్ముడుపోని రోజుల్లో అయిదు భాగాలకి డబ్బు పెట్టేదెవరు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఆ ధీమా ఇచ్చే పని కూడా రచయిత నెత్తి మీదే పడింది.

తెలుగులో సొంత ప్రచురణ చిన్నతనమేమీ కాదు. మన కవుల్లో, కథకుల్లో చాలామంది తమ పుస్తకాలు తామే వేసుకున్నారు, వేసుకుంటున్నారు. ఐఎస్‌బీఎన్ సంఖ్య మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. పుస్తకం అచ్చయ్యాక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా సహా మరి మూడు గ్రంథాలయాలకీ తలొక ప్రతి పంపాలి. ఆ పొట్లాలు కడుతుంటే ఒక గొప్ప సంతోషం కలుగుతుంది. ఎవరు కొన్నా కొనకపోయినా, మన రాక్షసులకీ మన యక్షిణులకీ దేశపు అలమారలో ఒక చోటు దొరికింది కదా!

కష్టమంతా అది సిరీస్ కావడంలో ఉంది. లెక్క చెబుతాను వినండి. మొదటి భాగం అయిదువందల మంది కొన్నారనుకుందాం. రెండో భాగం కొనేది ఆ అయిదువందల మందిలోంచే. మొదటిది చదవనివాళ్లు రెండోది పట్టుకుని ఏం చేసుకుంటారు? అయిదువందల్లో కొందరు కొని చదవకుండా పక్కన పెట్టేస్తారు. కొందరికి నచ్చదు. కొందరికి రెండోది వచ్చిన సంగతే తెలియదు. మూడోదానికి ఇంకా పలచబడతారు. ఖర్చు మాత్రం ఏ భాగానికీ తగ్గదు. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, బైండింగు ప్రతిసారీ అంతే. పుస్తకం మీద జీఎస్టీ లేదుగానీ, అది అచ్చయ్యే కాగితం మీద ఉంది. సిరీస్ ఎంత దూరం పోతుందన్నది మొదటి భాగం దగ్గరే తేలిపోతుంది. విడి నవల రాసేవాళ్లకి ఈ బెంగ లేదు. ఒకటి పోయినా ఇంకొకటి కొత్తగా మొదలుపెట్టుకోవచ్చు.

బయటి దేశాల్లో ఈ దారిన నడిచినవాళ్ల కథలు నాకు చాలా ధైర్యమిచ్చాయి. క్రిస్టఫర్ పావొలీనీ అమెరికాలోని మోంటానాలో పదిహేనో ఏట ఎరగాన్ అనే ఫాంటసీ నవల రాయడం మొదలుపెట్టాడు. 2002లో తల్లిదండ్రులే దాన్ని అచ్చు వేశారు. ముఖచిత్రం కుర్రవాడే గీశాడు, కథలోని దేశపటం కూడా అతనే వేశాడు. పాతకాలపు యూరప్ వేషం వేసుకుని స్కూళ్లూ లైబ్రరీలూ తిరిగాడు. నూట ముప్ఫైకి పైగా చోట్ల మాట్లాడాడు. కార్ల్ హయాసన్ అనే రచయిత ఇంట్లో పిల్లవాడు ఆ పుస్తకం చదివి మెచ్చుకుంటే, ఆ మాట నాఫ్ ప్రచురణ సంస్థ దాకా వెళ్లింది. 2003లో వాళ్లు మళ్లీ వేశాక ప్రపంచమంతా చదివింది. మూడు భాగాలనుకున్నది నాలుగైంది. ఆఖరిది 2011లో వచ్చింది. ఇందులో అదృష్టం లేదనను. కానీ అన్ని స్కూళ్ల గడప తొక్కకపోతే ఆ అదృష్టానికి అతని చిరునామా తెలిసేది కాదు.

మైకేల్ సల్లివాన్ అనే ఇంకో రచయిత కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ప్రచురణకర్తలు తిప్పి పంపేసరికి విసిగిపోయి ఏళ్ల తరబడి రాయడమే మానేశాడు. మళ్లీ కలం పట్టింది తన ఇంట్లోవాళ్లు చదువుకోవడానికని. అతని రైరియా కథలు ఆరు పుస్తకాలు. మొదటిదాన్ని బయటికి వదలకముందే ఆరూ రాసేశాడు. అందుకే ఆరో పుస్తకంలో విడిపోయే ముడి మొదటి పుస్తకంలోనే పడి ఉంటుంది. మొదటిది 2008లో ఒక చిన్న సంస్థ వేసింది. తర్వాత భార్య రాబిన్ ప్రచురణ పనంతా తలకెత్తుకుంది. 2011-12లో ఆర్బిట్ అనే పెద్ద సంస్థ ఆ ఆరింటినీ తీసుకుని రెండేసి కలిపి మూడు సంపుటాలుగా తెచ్చింది. సిరీస్ రాయాలనుకునే కుర్రవాళ్లకి నేను మొదట చెప్పే పేరు ఇదే. అంతా రాసేదాకా ఆగలేకపోతే కనీసం ముగింపు ఏమిటో తేల్చుకుని మొదలుపెట్టమంటాను.

మన దేశంలో అమిష్ త్రిపాఠి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇరవైమందికి పైగా ప్రచురణకర్తలు వద్దన్న తర్వాత, 2010లో తన ఏజెంటుతో కలిసి తన సిరీస్‌లో మొదటిదైన మెలూహా నవలని సొంతంగా తెచ్చాడు. మొదటి అధ్యాయాన్ని విడిగా అచ్చు వేయించి పుస్తకాల షాపుల్లో ఉచితంగా పంచిపెట్టాడు. బ్యాంకింగ్ రంగంలో పనిచేసిన మనిషి కదా, అమ్మకం అంటే ఏమిటో తెలుసు. కొంచెం రుచి చూస్తే పాఠకుడు మిగతాది అడుగుతాడని నమ్మాడు. 2013కల్లా ఆ సిరీస్ మూడు భాగాలూ పూర్తిచేశాడు. ఆ పుస్తకాలు తెలుగులోకి కూడా వచ్చాయి. మొదలుపెట్టినదాన్ని పాఠకుడు మరిచిపోకముందే ముగించడం అతని విజయంలో పెద్ద భాగమని నా అభిప్రాయం.

ఇక మన దగ్గర ఇబ్బందులు వేరుగా ఉంటాయి. ఇంగ్లీషులో రాసేవాళ్లకి 2007 నుంచీ కిండిల్ ఉంది. అచ్చు ఖర్చు లేకుండా, గోడౌను లేకుండా, నేరుగా పాఠకుడి చేతిలోకి. 2016 డిసెంబరులో కిండిల్ అయిదు భారతీయ భాషల పుస్తకాలకి చోటిచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ అయిదింటిలో తెలుగు లేదు. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషకి ఆ తలుపు అప్పుడు తెరుచుకోకపోవడం నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. కినిగె లాంటి తెలుగువాళ్ల ఈ-పుస్తకాల ప్రయత్నాలు ఆ లోటు కొంత తీర్చాయి. వాళ్లకి మనం రుణపడి ఉన్నాం.

ఫాంట్ల తంటా ఇంకొకటి. అచ్చుకి పేజీలు కట్టేవాళ్లలో చాలామంది వాడేది ‘అను’ అనే ఫాంట్లు. ఫోన్‌లో చదవాలంటే యూనికోడ్ కావాలి. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మారిస్తే ఒత్తులూ గుణింతాలూ అక్కడక్కడా చెదిరిపోతాయి. మళ్లీ మొదటి పేజీ నుంచి ప్రూఫు చూడాల్సిందే. ఫాంటసీకి అది రెట్టింపు పని. ఊళ్ల పేర్లు, తెగల పేర్లు, మంత్రాల పేర్లు అన్నీ కల్పించినవే కదా! ప్రూఫులు దిద్దేవారు మంచి మనసుతో వాటిని కూడా తమకు తెలిసిన మాటల్లోకి దిద్దేస్తారు. అందుకని ప్రతి సిరీస్ రచయిత దగ్గరా ఒక పేర్ల పుస్తకం ఉండాలి. ఎవరి వయసెంత, ఎవరి గుర్రం రంగేమిటి, ఏ కోటకి ఏ ఊరి నుంచి ఎన్ని రోజుల నడక, ఏ ఉంగరం ఎవరి వేలికుంది, అన్నీ అందులో రాసి ఉండాలి. పాఠకులు వీటిని రచయితకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

ముఖచిత్రం దగ్గర పొదుపు చేయొద్దని గట్టిగా చెబుతాను. చందమామ సీరియళ్ల బలంలో సగం ‘చిత్ర’ అనే చిత్రకారుడి బొమ్మల్లో ఉంది. ఆ కోటలు, ఆ మాంత్రికుల గడ్డాలు, ఆ వింత జంతువులు మనం మొదట చూసింది ఆయన కళ్లతోనే. 1978లో ఆయన పోయారు. దాసరిగారి జానపద సీరియళ్ల వరస కూడా ఆ కాలంతోనే ముగిసింది. అయిదు భాగాల్లోనూ నాయకుడి ముఖం ఒకేలా ఉండాలి, అట్టలన్నీ పక్కపక్కన పెడితే ఒక కుటుంబంలా కనిపించాలి. అది కథ చదివి గీసే చిత్రకారుడి వల్లే అవుతుంది. ఆ మనిషికి తగిన పారితోషికం ముందే ఇచ్చేయాలి.

పుస్తకం వచ్చాక ఇల్లే గోడౌను. షాపులవాళ్లకి ధరలో పెద్ద వాటా కమిషన్‌గా వెళుతుంది. అమ్మాకే డబ్బులు, అదీ ఆలస్యంగా. పోస్టులో పంపుదామంటే, తపాలా శాఖ 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఎత్తేసింది. చిన్న ప్రచురణకర్తలందరికీ అది పెద్ద దెబ్బ. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ పేరుతో ఇంకో సేవ మొదలైంది. ఈ మార్పులన్నీ వార్తల్లో మీకు చిన్నవిగా కనిపిస్తాయి. మారుమూల మండలంలో ఉన్న పాఠకుడికి ఒక్క పుస్తకం పంపాలంటే, పుస్తకం ధరతో పార్సిల్ ధర పోటీ పడే రోజులివి.

ఇన్ని చెప్పాను గనుక, ఇందులో సంతోషమే లేదేమో అనుకోకండి. పుస్తక ప్రదర్శనలున్నాయి కదా! హైదరాబాదులో డిసెంబరులో, విజయవాడలో జనవరిలో. స్టాలు ముందు పిల్లలు ఆగుతారు. పుస్తకం తెరిచి ముందు దేశపటం చూస్తారు. వేలు పెట్టి నది వెంట నడిపిస్తూ, "ఈ కొండ వెనక ఏముందండీ?" అని అడుగుతారు. అది మూడో భాగంలో వస్తుందని చెబితే, "చెప్పేయండి, ఎవరికీ చెప్పను" అంటారు. కొన్నవాళ్లు మరుసటి ఏడు తిరిగొచ్చి "రెండో భాగం ఎప్పుడండీ?" అని నిలదీస్తారు. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, చచ్చిపోయాడని నేను రాసిన ఒక దొంగ నిజంగా చచ్చిపోలేదని, ఆధారాలతో సహా వాదించింది. ఆ వాదన విన్నాక ఆ దొంగ గురించి నేను ఇంకోసారి ఆలోచించవలసి వచ్చింది. ఏ బహుమతి ఇస్తుంది ఈ ఆనందం?

ఫోన్‌లో కూడా కొత్త పాఠకులు పుట్టారు. ప్రతిలిపి యాప్‌లో తెలుగు సీరియళ్లు భాగాలు భాగాలుగా వస్తున్నాయి. బస్సులో, వంటింట్లో, రాత్రి డ్యూటీల్లో చదువుతున్నారు. భాగం పెట్టిన గంటకే అభిప్రాయం వస్తుంది. చందమామ కాలంలో ఉత్తరం రాసి నెలరోజులు చూడాల్సి వచ్చేది. ఆ వేగంలో ఒక ప్రమాదం కూడా ఉంది. పాఠకులు అడుగుతున్నారు కదా అని కథని సాగదీయాలనిపిస్తుంది. ముడి మీద ముడి వేసుకుంటూ పోతే విప్పడానికి చోటు మిగలదు. దాసరిగారు ప్రతి నెలా ఉత్కంఠ దగ్గర ఆపేవారుగానీ, ప్రతి సీరియల్‌నీ పూర్తిచేశారు. సిరీస్ రాసేవాళ్లకి అంతకు మించిన ఆదర్శం లేదు.

భాష విషయంలో కూడా ఫాంటసీ మనకి ఇచ్చే స్వేచ్ఛ గొప్పది. ఆ కోటల్లో అందరూ పుస్తకాల తెలుగే మాట్లాడాలని ఎక్కడుంది? నా కథలో కొండ తెగలవాళ్లు శ్రీకాకుళం యాసకి దగ్గరగా మాట్లాడతారు, ఎడారి వర్తకులు పాలమూరు మాటలతో బేరమాడతారు. ఆ రెండు ప్రాంతాల పాఠకులూ ఆ పేజీలు చూపించి "ఇది మావోళ్ల మాట" అని గర్వంగా చెప్పుకున్నారు. మన యాసలకి మాయాలోకంలో పౌరసత్వం ఇవ్వగలిగేది మనమే. వేరే భాష నుంచి అనువాదమైన ఫాంటసీ ఆ పని చేయలేదు.

చివరిగా అసలు విషయానికి వస్తాను. సిరీస్ రచయితని కుంగదీసే మాట ఒకటి ఉంది: "అన్ని భాగాలూ రానివ్వండి, అప్పుడు ఒకేసారి కొంటాం." అలా అనేవాళ్లని తప్పుపట్టను. జార్జ్ మార్టిన్ అనే అమెరికన్ రచయిత ఫాంటసీ సిరీస్‌లో అయిదో భాగం 2011లో వచ్చింది. ఆరో భాగం కోసం పాఠకులు ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాసేలా చూస్తూనే ఉన్నారు. సగంలో వదిలేస్తారేమో అన్న భయం ఊరికే రాలేదు. కాకపోతే పెద్ద సంస్థ వెనక ఉన్న రచయిత వేరు, సొంత డబ్బుతో వేసుకునే రచయిత వేరు. మొదటి భాగం అమ్ముడుపోతేనే రెండోదానికి కాగితం వస్తుంది. అందరూ ఆఖరి భాగం కోసం ఆగితే ఆఖరి భాగం పుట్టనే పుట్టదు.

ఇందులో మాకూ బాధ్యత ఉంది. ముగింపు తెలియకుండా మొదలుపెట్టకూడదు. అట్ట మీద ఎన్ని భాగాలో స్పష్టంగా వేయాలి. ప్రతి భాగానికీ తనదైన ఒక ముగింపు ఉండాలి. అక్కడితో ఆగిపోయినా పాఠకుడికి ఒక కథ చదివిన తృప్తి దక్కాలి. మీ వంతుగా మీరొక్క పని చేయండి. ఈసారి పుస్తక ప్రదర్శనలో, అట్ట మీద "మొదటి భాగం" అని ఉన్న తెలుగు నవల కనిపిస్తే, రెండు పేజీలు చదివి చూడండి. నచ్చితే అప్పుడే, అక్కడే కొనండి. చదివాక రచయితకి ఒక్క ముక్క రాయండి, మీ ఇంట్లో పిల్లల చేతిలో పెట్టండి. మిగతా భాగాలు రాసే పూచీ మాది.